నాలుగూ ఇరవైకి దాటిన అల

నూకరాజు ఇచ్చిన పాయింటు తప్పదని ఆ సైటులో పేరు. పదకొండేళ్ల కిందట పాయకరావుపేట పక్క పల్లె నుంచి సింగపూరు వచ్చినప్పుడు అతను కాంక్రీటు మోసేవాడు. సర్వేయరు వెంట కర్ర పట్టుకు తిరిగే మనిషి జ్వరమొచ్చి పడుకుంటే ఓ వారం పాటు ఆ కర్ర ఇతని చేతికొచ్చింది. ఆ తర్వాత మళ్లీ కాంక్రీటు ముట్టుకోలేదు. చూసి నేర్చుకున్నాడు, అడిగి నేర్చుకున్నాడు, ఆదివారాలు క్లాసులకు పోయి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి అసిస్టెంటు సర్వేయరయ్యాడు.

అతని పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇంజనీర్లు కాగితం మీద పెట్టిన చుక్క నేల మీద ఎక్కడ పడుతుందో చూపించాలి. జీపీఎస్ కర్ర నిలబెట్టి, చేతిలోని తెర మీద అంకెలు నిలకడ పడేదాకా చూసి, మేకు కొట్టి, ఎర్ర రంగు పూసేవాడు. అంతటితో వదిలేసేవాడు కాదు. మిషను ఆపేసి, మళ్లీ మొదటి నుంచి పెట్టి, రెండోసారి కొలిచేవాడు. రెండూ కలిస్తేనే నేల తవ్వే రిగ్గు వాళ్లకు చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపితే చాలు, ఇంకెవరూ ఏమీ అడిగేవారు కాదు.

రెండువేల ఇరవై నాలుగు మార్చిలో, ఒక మంగళవారం సాయంత్రం, అతను రెండోసారి కొలవలేదు.

వుడ్‌ల్యాండ్స్‌లో, జోహోర్ జలసంధి ఒడ్డున పని. అక్కడ పూర్వం ఓ జెట్టీ ఉండేది. దాన్ని కూల్చినా దాని పునాది కాంక్రీటు దిమ్మెలు మట్టిలోనే ఉండిపోయాయి. కొత్త పైల్స్, అంటే పునాది స్తంభాలు, వాటి పక్కనుంచే, అడుగు దూరంలో దిగాలి. సైటు గేటు దగ్గర స్తంభం మీద కదలకుండా ఉండే ఇంకో జీపీఎస్ మిషను ఉండేది. బేస్ అంటారు దాన్ని. నూకరాజు చేతిలోని మిషను తన తప్పుల్ని ఆ బేస్‌తో పోల్చుకుని దిద్దుకునేది. అది చెడిపోయి పదకొండు రోజులైంది. ఇరవై కిలోమీటర్ల అవతలున్న మరో బేస్‌తో సర్దుకుంటున్నారు. బాగు చేయించమని నూకరాజు మూడుసార్లు అడిగాడు.

ఆ సాయంత్రం దక్షిణం వైపు మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. మెరుపుల సైరను మోగితే పని ఆపేసి అందరూ షెడ్డులోకి పోవాల్సిందే. సైటు ఇంజనీరు హరికృష్ణ, కరీంనగర్ మనిషి, మంచివాడే, కాకపోతే ఎప్పుడూ ఏదో తరుముకొస్తున్నట్టే ఉంటాడు. అతను టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

"ఇంకెంతసేపు నూకరాజు? రిగ్గు అర్ధగంట సంది ఖాళీగ నిలబడ్డది."

"ఒక్కసారి కొలిచాను సార్. రెండోది చూసేస్తాను. అయిదు నిమిషాలు."

"అయిదు నిమిషాల్ల సైరన్ మోగుతది. పదకొండేండ్ల సంది కొడుతున్నవు, ఎన్నడన్న తప్పిందా? ఇచ్చెయ్ పో."

నూకరాజు తెర వంక చూశాడు. అంకెలు నిలకడగానే ఉన్నాయి. పక్కన టైము నాలుగూ ఇరవై. మేకు కొట్టి, రంగు పూసి, చెయ్యి ఊపాడు. రిగ్గు వచ్చి ఆ ఎర్ర చుక్క మీద నిలబడిందో లేదో సైరను మోగింది.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు తవ్వకం మొదలైంది. రిగ్గు దగ్గర జెండా ఊపే మనిషి ఏసుబాబు. నూకరాజుది, అతనిది ఒకే మండలం. నూకరాజుది పొలాల ఊరు, ఏసుబాబుది సముద్రం ఒడ్డు. ఆరేళ్లుగా డార్మిటరీలో కిందా పైనా మంచాలు. ఏసుబాబుకు ముప్పై ఒకటి. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఇంట్లో ఉన్న భార్య నవతతో వీడియోలో మాట్లాడి, హెల్మెట్టు పెట్టుకునేవాడు. ఆ రోజూ అంతే చేశాడు.

డ్రిల్లు నాలుగు మీటర్లు దిగి, పాత కాంక్రీటు దిమ్మె అంచును పట్టింది. పైనున్న ఇనప గొట్టం ఒక్క కుదుపుతో పక్కకు తిరిగింది. దూరంగా వేరే పాయింట్లు కొడుతున్న నూకరాజుకు ముందు ఇనుము మూలిగినట్టు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత మనిషి కేక. పరుగెత్తి వెళ్లేసరికి ఏసుబాబు కుడికాలు గొట్టానికీ పేర్చిన ఇనప పలకలకూ మధ్య ఉంది.

మోకాలి కింద తీసేశారు.

మధ్యాహ్నం జీపీఎస్ అక్కర్లేకుండా అద్దంతో చూసి కొలిచే టోటల్ స్టేషన్ మిషను తెచ్చి కొలిస్తే, మేకు ఉండాల్సిన చోటుకు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు పక్కన ఉంది, దిమ్మె వైపుకు. నూకరాజు అక్కడే నిలబడి ఆ అంకె విన్నాడు. కొలిచినవాళ్లు అతని మొహం చూడకుండా కాగితం మీద రాసుకుని వెళ్లిపోయారు.

విచారణ మొదలైంది. అది తేలేదాకా దేశం దాటకూడదు, పని చెయ్యకూడదు. పర్మిట్ తీసేసుకుని చేతికి స్పెషల్ పాస్ అనే కాగితం ఇచ్చారు. పొద్దున ఆరింటికి లారీలు మనుషుల్ని ఎక్కించుకుపోతే, డార్మిటరీలో అతనూ పైనున్న ఖాళీ మంచమూ మిగిలేవారు. ఏసుబాబు తువ్వాలు ఇంకా ఆ మంచం కమ్మీకి వేలాడుతూనే ఉంది. తియ్యడానికి చెయ్యి రాలేదు.

రోజూ ట్రైనెక్కి ఆసుపత్రికి వెళ్లేవాడు. వార్డు గుమ్మం దాకా వెళ్లడం, నర్సు లోపలికి పోయి వచ్చి తల అడ్డంగా ఊపడం, ఇతను వరండాలోని కుర్చీలో ఓ గంట కూర్చుని వెనక్కి రావడం. ఏసుబాబు చూడనన్నాడు.

ఆరో రోజున నవత ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకుని భయపడ్డాడు. ఆమె ఏడవలేదు.

"అన్నయ్యా, ఆ చుక్క నువ్వే పెట్టావంటగదా. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"మరెలా తప్పింది?"

"తెలీదమ్మా. మిషన్ సరిగ్గానే చూపించింది. నిజంగా తెలీదు."

"తెలుసుకుని చెప్పు," అని పెట్టేసింది.

ఆ మాట అతన్ని పట్టుకుంది. తిండి తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. కర్ర ఒరిగిందా? గుర్తున్నంత వరకు కర్రకున్న మట్టం గాజులో బుడగ మధ్యలోనే ఉంది. పాయింటు నంబరు తప్పు చూశాడా? లేదు. తన చెయ్యి ఎక్కడ తప్పిందో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. రెండోసారి కొలవలేదన్న సంగతి మాత్రం, పళ్లలో ఇరుక్కున్న పీచులా, ఎటు తిరిగినా తగులుతూనే ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. విచారణాధికారులు అడిగినప్పుడు 'పద్ధతి ప్రకారమే కొలిచాను' అని రాసిచ్చాడు.

నందిత పరిచయమైంది ఆ వరండాలోనే. దెబ్బలు తగిలిన పనివాళ్లను చూడడానికి తెలుగువాళ్లు కొందరు శనివారాల్లో పళ్లూ పత్రికలూ పట్టుకుని ఆసుపత్రులకు వస్తుంటారు. ఆమె వాళ్లలో ఒకరు. గుంటూరు మనిషి, నలభై ఏళ్లు ఉంటాయి, సెంగ్‌కాంగ్‌లో కాపురం, వన్-నార్త్‌లో పరిశోధన ఉద్యోగం. లోపల ఏసుబాబును పలకరించి బయటికొస్తూ, కుర్చీలో వంగి కూర్చున్న మనిషిని చూసి ఆగింది.

"మీరు ఆయన తాలూకానా అండీ?"

"ఒకే రూమ్ మేడమ్. ఆ పాయింట్ ఇచ్చింది నేనే."

ఎందుకు చెప్పాడో తెలియదు. అడగని మనిషికి, మొదటి మాటలోనే. ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. జీపీఎస్ తప్పు చూపించడం గురించి అతను చెబుతుంటే మొదట మర్యాదకు విన్నది, తర్వాత ముందుకు వంగి విన్నది.

"మీ బేస్ ఎంత దూరంలో ఉందన్నారు?"

"ఇరవై కిలోమీటర్లు."

"టైమ్?"

"నాలుగూ ఇరవై, సాయంత్రం."

"నా పని అదేనండీ," అందామె. "మనకు పైన మూడొందల కిలోమీటర్ల ఎత్తున ఓ పొర ఉంటుంది. ఎండకు గాలి చితికి కరెంటు పట్టిన పొర. అయనోస్ఫియర్ అంటాం. జీపీఎస్ సిగ్నల్ దాన్ని దాటుకునే కిందికి రావాలి. కింద పెద్ద వాన పట్టినా, కొండను గాలి తన్నినా ఆ ఊపు పైకి ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పల్చన గదా, ఊపు పెద్దదవుతుంది. అక్కడ అల అయి ప్రయాణం చేస్తుంది, వందల కిలోమీటర్లు. అల కింద ఉన్నప్పుడు మీ బేస్ చూసే ఆకాశం వేరు, మీరు చూసే ఆకాశం వేరు. అది చేసే దిద్దుబాటు మీకు సరిపోదు."

"మిషన్ సరిగ్గా ఉందనే చూపిస్తాదా మేడమ్, అప్పుడు కూడా?"

"ఒక్కోసారి. తప్పు చోట నిలకడ పడుతుంది."

నూకరాజు కుర్చీ అంచుకు జరిగాడు. "ఆ రోజు అల ఉందా లేదా మీ దగ్గర తెలుస్తాదా?"

"తెలిసేది. మా బిల్డింగ్ పైకప్పుకు ఆ వారమంతా తారు పోశారు. రిసీవర్ దించేశారు. సారీ అండీ. ఆ రోజుది నా దగ్గర లేదు."

అతను అంతదాకా రెండు చేతుల్తో పట్టుకున్నదేదో జారిపోయినట్టయింది. అరచేతుల్లో మొహం పెట్టుకుని, పెద్దవాళ్లు ఏడవకూడని తీరులో, వరండాలో అందరూ చూస్తుండగా ఏడ్చాడు.

ఆమె అతన్ని వదిలేసి వెళ్లలేకపోయింది. చుట్టుపక్కల దేశాల్లో కూడా ఇలాంటి స్టేషన్లు ఉన్నాయని, ఉత్తరం రాసి అడుగుతానని, వాళ్లు పంపడానికి వారాలు పట్టొచ్చని చెప్పింది. తర్వాత కొంచెం తటపటాయిస్తూ ఇంకో మాటంది. అలను పట్టాలంటే ఒక చోటు చాలదు, మూడు చోట్ల చూడాలి. ఎక్కడికి ముందొచ్చింది, ఎక్కడికి తర్వాతొచ్చింది చూస్తేనే దాని దారీ వేగమూ తెలుస్తాయి. వన్-నార్త్‌లో రిసీవర్ మళ్లీ ఎక్కించారు. సెంగ్‌కాంగ్‌లో వాళ్ల కార్‌పార్క్ పై అంతస్తులో ఇంకోటి పెట్టుకోనిచ్చారు. ఉత్తరాన చోటు దొరకలేదు.

"వుడ్‌ల్యాండ్స్‌లో నేనున్నాను గదా మేడమ్," అన్నాడు నూకరాజు. "జీతం ఇవ్వకండి. పని చెయ్యకూడదు నేను. ఊరికే చూస్తాను."

డార్మిటరీ మేనేజరు తమిళుడు. నందిత తెచ్చిన ఉత్తరం రెండుసార్లు చదివి, బట్టలారేసే షెడ్డు పైన పెట్టుకోమన్నాడు. మూకుడంత తెల్లటి యాంటెన్నా, కిందికి ఒక తీగ, పాత ల్యాప్‌టాప్. నూకరాజు దాన్ని మట్టసం చూసి బిగించిన తీరుకు నందిత ఏమీ దిద్దలేకపోయింది.

అప్పటినుంచి అతని రోజు ఆ షెడ్డు కింద గడిచింది. చుట్టూ మూడొందల మంది చొక్కాలూ ప్యాంట్లూ ఆరుతుండేవి. వాటి మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తెర మీద పాకే గీతలు చూసేవాడు. ఒక్కో శాటిలైటుకు ఒక్కో రంగు గీత, దాని సిగ్నల్‌ను పై పొర ఎంత ఆలస్యం చేస్తోందో చూపేది. పొద్దెక్కుతుంటే గీతలన్నీ మెల్లగా పైకి పోతాయి, మధ్యాహ్నం దాటాక దిగుతాయి. మొదటి నాలుగు రోజులు అంతకన్నా ఏమీ కనిపించలేదు. అయిదో రోజు పదకొండు గంటలకు ఒక పచ్చగీత సన్నగా వంగింది, లేచింది, మళ్లీ వంగింది. ఇరవై నిమిషాలకొకసారి. కాసేపటికి పక్కనున్న నీలిగీత కూడా అలాగే వంగింది. అతను లేచి నిలబడి తడిబట్టలు తప్పించుకుంటూ బయటికొచ్చి పైకి చూశాడు. మామూలు ఆకాశం. తెల్లటి మబ్బు, ఓ విమానం. అంత పెద్దది పైనుంచి నడిచిపోతుంటే కింద ఆకు కూడా కదల్లేదు.

ఒక రూళ్ల నోటుపుస్తకం కొన్నాడు. మొదలైన టైము, ఆగిన టైము, ఏ శాటిలైటు ముందు వంగింది. సాయంత్రం నందిత ఫోన్ చేసేది. వన్-నార్త్‌లో వంగిన గీత దాదాపు రెండు నిమిషాలకు వుడ్‌ల్యాండ్స్‌లో వంగేది. సెంగ్‌కాంగ్‌లో మధ్యలో ఎప్పుడో. దక్షిణం నుంచి ఉత్తరానికి, సెకనుకు నూట యాభై మీటర్లు. "మీ కన్ను నా ప్రోగ్రామ్ కన్నా ముందే పట్టేస్తోందండీ," అందామె ఒకసారి. వేరే కాలంలోనైతే ఆ మాటకు నూకరాజు వారం రోజులు సంతోషపడేవాడు. ఇప్పుడు "ఆ ఉత్తరానికి జవాబొచ్చిందా మేడమ్?" అని మాత్రం అడిగాడు. రోజూ అదే అడిగేవాడు. రోజూ ఆమె రాలేదనేది.

మనిషి చిక్కిపోయాడు. భార్య రత్తమ్మ వీడియోలో చూసి, "అన్నం తింటన్నావా లేదా? ఆ ఎముకలేటి?" అని కసిరి, ఫోన్ పక్కకు తిప్పి కళ్లు తుడుచుకుంది. అతనికి ఒక్కటే ఆశ. ఆ రోజు, ఆ నిమిషానికి, తన నెత్తి మీద అల ఉండాలి. ఉంటే తను మనిషి. లేకపోతే ఏమిటో అతను ఆలోచించదలచుకోలేదు. ఆసుపత్రికి వెళ్లడం మానలేదు, ఏసుబాబు చూడననడమూ మానలేదు.

ఏడో వారం నందిత తనే వచ్చింది. షెడ్డు కింద ఆరుతున్న దుప్పట్ల మధ్య నిలబడి కాగితం విప్పింది. ఇండోనేషియా దీవుల్లోని ఒక స్టేషన్లో, ఆ మంగళవారం, గీత నాలుగూ రెండుకు వంగింది. జలసంధి అవతల మలేషియాలో, జోహోర్ లోపల, ఉత్తరాన మరో స్టేషన్లో నాలుగూ ముప్పైకి వంగింది. అదే వంపు, అదే పొడుగు. పెద్ద అల, అతను షెడ్డు కింద చూసిన వాటన్నిటికన్నా పెద్దది.

"ఆ రెండిటి మధ్యలో సింగపూర్ ఉంది," అందామె. "అక్కడినుంచి ఇక్కడికి ఎగిరి దూకదు గదండీ. మన మీదుగానే పోవాలి. లెక్కేశాను. వుడ్‌ల్యాండ్స్ పైకి నాలుగూ ఇరవై, ఇరవై ఒకటి."

నూకరాజు స్టూలు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. ఏసుబాబు కాలు పోయి ఏడు వారాలైన రోజున తను నవ్వుతున్నాడని తోచి చటుక్కున ఆగిపోయాడు.

"ఒక మాట చెప్పాలి మీకు," అంది నందిత. "అల ఉందని రాయగలను. దానివల్లే మీ మిషన్ తప్పిందని రాయలేను. కావచ్చు అని రాస్తాను. ఇంకోటి... ఇలాంటి తప్పు, మిషన్ ఆపి మళ్లీ పెట్టి కొలిస్తే సాధారణంగా బయటపడిపోతుంది. మీరు రెండోసారి కొలిచే ఉంటారు గదా?"

దుప్పటి అంచు నుంచి నీటిచుక్కలు సిమెంటు మీద పడుతున్నాయి. నూకరాజు తల ఊపాడు. అవునన్నట్టా, విన్నానన్నట్టా, ఆమెకు తెలియలేదు.

ఆమె రాసిచ్చిన ఉత్తరాన్ని అతను కంపెనీలో ఇచ్చాడు. నాలుగో రోజు హరికృష్ణ డార్మిటరీకి వచ్చాడు. రెండు నెలల్లో మొదటిసారి. పక్క వీధిలో తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు తీసుకుపోయి ఎదురుగా కాఫీ పెట్టాడు.

"నువ్వు మనందర్నీ బచాయించినవు నూకరాజు," అన్నాడు. మొహంలో వెలుగు. "మన లాయర్ మస్తు ఖుషీ. ప్రకృతి వైపరీత్యం అంట. కంపెనీ తప్పు లేదు, నా తప్పు లేదు, నీ తప్పు లేదు. ఎవరూ ఏం చెయ్యలేని సంగతి. గట్లనే రాస్తున్నరు."

"మరి బేస్ చెడిపోయింది గదా సార్?"

"అది ఇప్పుడెందుకు? అల వస్తే బేస్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"ఒకటి కాదు సార్. బేస్ గేటు దగ్గర ఉంటే రెండూ ఒకే ఆకాశాన్ని చూసేవి. తప్పు అంత వచ్చేది కాదు."

హరికృష్ణ కప్పు కింద పెట్టాడు. బల్ల మీదికి వంగి అన్నాడు. "నాకు ఇద్దరు చిన్న పిల్లలు నూకరాజు. మొన్న సంది నిద్ర లేదు నాకు. నేనే నిన్ను తొందర పెట్టిన అని నాకు తెల్వదా? కని ఇప్పుడు ఆ మాట అంటే ఏసుబాబుకు కాలు వస్తదా?"

అతను చెడ్డవాడు కాదు. అదే నూకరాజుకు మరీ భరించరానిదిగా ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలో తన కళ్లే కనిపించాయి. ఏడు వారాలు తపస్సు చేసినట్టు వెతికి తెచ్చిన అల ఇప్పుడు అందరి చేతులూ కడిగేస్తోంది. ఎవరి తప్పూ లేదు. ఇక ఏసుబాబు కాలికి ఎవరూ జవాబుదారీ కారు. అతను కాఫీ ముట్టుకోకుండా లేచాడు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లాడు. నర్సు లోపలికి పోబోతుంటే, "అడగొద్దు సిస్టర్," అని తనే నడిచాడు.

ఏసుబాబు కిటికీ పక్క మంచం మీద ఒరిగి ఉన్నాడు. గడ్డం పెరిగింది. దుప్పటి కింద కుడివైపు ఉన్నట్టుండి పల్చనైపోయిన చోటును నూకరాజు చూశాడు, చూడకుండా ఉండలేకపోయాడు. ఏసుబాబు మొహం తిప్పేసుకోలేదు. అలసిపోయినట్టున్నాడు.

"ఏటన్నా? ఏటి సెప్పడానికొచ్చావు?"

నూకరాజు కాగితం తీశాడు. దీవుల్లో నాలుగూ రెండు, జోహోర్‌లో నాలుగూ ముప్పై. మధ్యలో మనం. వేలితో గీత వెంబడి చూపించుకుంటూ చెప్పాడు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి అలను అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అంటే అల పోయిందా మన మీంచి?"

"పోయిందిరా."

"మరి నువ్వెక్కడున్నావన్నా?"

వార్డులో ఎక్కడో టీవీ మోగుతోంది. నూకరాజు కాగితం మడిచాడు.

"రెండోసారి కొలవలేదురా ఏసూ. ఎప్పుడూ కొలుస్తాను, నీకు తెలుసు. ఆ రోజు కొలవలేదు. వానొస్తోందన్నారు, తొందరన్నారు, తెర బాగానే ఉంది. చెయ్యి ఊపేశాను. కొలిచుంటే దొరికిపోయేది. పొద్దున్నైనా వచ్చి చూసుంటే దొరికేది."

ఏసుబాబు చాలాసేపు అతన్ని చూశాడు. కోపంతో కాదు. ఎవరో కొత్త మనిషిని గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు.

"నీ చెయ్యి చూసే గదన్నా నాను అక్కడ నిలబడ్డాను," అన్నాడు. తర్వాత, "ఇది సెప్పడానికి రెండు నెలలు పట్టిందా?"

"పట్టిందిరా."

"ఎల్లిపో."

నూకరాజు కదల్లేదు.

"ఎల్లిపోన్నా. ఇప్పుడు నాకు నిన్ను సూడ్డానికి సేత కాదు."

మర్నాడు విచారణ ఆఫీసుకు వెళ్లి మొదటి వాంగ్మూలం తప్పని చెప్పి రెండోది రాసిచ్చాడు. దుబాసీ అడుగుతుంటే ఒక్కొక్కటే చెప్పాడు. బేస్ చెడిపోయి పదకొండు రోజులు. మూడుసార్లు అడిగాను, అడిగిన మెసేజీలు ఇవి. తొందర పెట్టారు. అయినా చెయ్యి ఊపింది నేను. రెండోసారి కొలవలేదు. అల సంగతి కూడా చెప్పాడు, కానీ ఆఖర్న చెప్పాడు. సంతకం పెట్టాక దుబాసీ పెద్దాయన, "ఇది రాస్తే నువ్వు మళ్లీ ఈ దేశంలో పనికి రాలేవు, తెలుసు గదా తంబీ?" అన్నాడు. తెలుసన్నాడు.

తెలిసినట్టే జరిగింది. ప్రకృతి వైపరీత్యమన్న మాట కొట్టేశారు. బేస్ లేకుండా పని నడిపిన సైటుది తప్పని, సరిచూడని సర్వేయరుది తప్పని తేలింది. హరికృష్ణను ఆ పనిలోనుంచి తీసేశారు. సైటులో రెండు కొలతల మీద ఇద్దరు సంతకం పెట్టాలన్న కాగితం అతికించారని ఎవరో చెప్పారు. నూకరాజును ఆగస్టులో విమానం ఎక్కించారు. వెళ్లే ముందు రోజు నందిత షెడ్డు పైనుంచి యాంటెన్నా దించుకోవడానికి వచ్చింది. అతను నోటుపుస్తకం ఇచ్చాడు. పదహారు వారాలు, నూట ముప్పై ఒక్క అలలు, ఒక్క రోజూ ఖాళీ లేదు.

"నేను ఆ రోజు అడిగితే తల ఊపారు," అందామె, పుస్తకం తిరగేస్తూ.

"ఊపాను మేడమ్."

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంది. తీగ చుట్టడంలో అతనే సాయం చేశాడు.

ఊళ్లో పని దొరకడం కష్టమైంది. ఎవరో పొలాల కొలతలకు పిలిస్తే, కర్ర ముట్టుకుని, ఒక్క మేకూ కొట్టకుండానే వెనక్కి వచ్చేశాడు. మూడు నెలలు రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూశాడు. ఆదివారం ఆదివారం నవతకు ఫోన్ చేసేవాడు. ఏసుబాబు అక్టోబరులో కట్టెకాలు పెట్టించుకుని ఇంటికొచ్చాడు. పన్నెండు మైళ్ల దూరం. "ఆయన మాట్లాడనంటన్నారన్నయ్యా," అనేది నవత. వచ్చేవారం మళ్లీ చేసేవాడు. ఆమె మళ్లీ అదే మాట చెప్పేది. ఒక్కోసారి చెప్పడానికి కూడా ఓపిక లేక ఊరికే ఉండిపోయేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నవత ఫోన్ ఎత్తి ఏమీ మాట్లాడలేదు. ఎవరి చేతికో ఇచ్చిన చప్పుడైంది. అవతల ఊపిరి వినిపించింది.

"ఏటన్నా?" అన్నాడు ఏసుబాబు.

"ఏం లేదురా. ఎలా ఉన్నావు?"

"ఎలాగుంటాను? కాలు పుండు పడిపోయింది. ఆ పట్టీ ఎండకి మంటెక్కిపోతంది. రాత్రి లేని కాలు దురద పెడతంది, గోకుదామంటే ఉండదు. డాట్రు ఏటో పూతమందిచ్చాడు, దానికి ఇంకా మండతంది..."

అతను చెప్పుకుపోయాడు. క్షమించానని అనలేదు, రమ్మనీ అనలేదు. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో, ఏ వేళకు ఎక్కువవుతుందో, ఏ మెట్టు ఎక్కలేడో ఒక్కొక్కటే చెప్పాడు. నూకరాజు చెరువు గట్టు మీద ఎండలో నిలబడి, మధ్యలో ఒక్క మాటా అడ్డు రాకుండా, ఆఖరిదాకా విన్నాడు.